పాత సిస్టమ్‌కు నిలకడైన ఓఎస్: ముందు పని, ఆపై సాఫ్ట్‌వేర్, చివరగా లినక్స్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (మదర్‌బోర్డులోని భద్రతా చిప్) ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. కడపలో ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో నడుస్తున్న నాలుగో తరం ఐ3, ఐ5 సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లకు ఆ అర్హత లేదు. అలాగని అవి పాడైపోయినవీ కావు. సరైన ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) వేస్తే ఇంకా ఏళ్ల తరబడి పని చేస్తాయి. అయినా ఎక్కువగా జరిగేదేమిటంటే, ఎవరో ఒకరు వచ్చి ఫార్మాట్ కొట్టి, క్రాక్ చేసిన విండోస్ వేసి వెళ్తారు. ఆ క్రాక్‌లో ఏముందో వేసినవాళ్లకూ తెలియదు. అదే సిస్టమ్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్, పిల్లల సర్టిఫికెట్లు, కస్టమర్ల ఆధార్ కాపీలు ఉంటాయి.

విండోస్ బదులు ఉచితంగా దొరికే ఓఎస్ లినక్స్. దానికి మారదామనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఏ లినక్స్ మంచిది?" అని. నిజానికి అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు మీ పనేమిటో రాసుకోవాలి. ఆ పనికి తగిన సాఫ్ట్‌వేర్‌ను తూచి చూసుకోవాలి. దాన్ని ఇప్పుడున్న విండోస్‌లోనే వాడి చూడాలి. ఓఎస్ మార్చడం ఆ తర్వాత. ఈ వరుస తప్పినవాళ్లే వారం తిరక్కుండా మళ్లీ ఫార్మాట్ కొట్టించుకుంటారు.

మొదటి మెట్టు: పనుల పట్టిక

ఒక తెల్లకాగితం తీసుకుని పది రోజుల పాటు సిస్టమ్‌లో ఏం తెరిచినా రాయండి. సాఫ్ట్‌వేర్ పేరు, ఫైలు చివర ఉండే పొడిగింపు, దానికి తగిలించిన పరికరం, ఆ ఫైలు ఎవరికి పంపుతున్నారు అన్నవి నాలుగు గళ్లు. పదో రోజున ఆ పట్టికను మూడు రకాలుగా విడదీయండి.

బ్రౌజర్‌లో జరిగేవన్నీ మొదటి రకం. మెయిల్, యూట్యూబ్, ఆన్‌లైన్ దరఖాస్తులు, నెట్ బ్యాంకింగ్ ఇందులోకి వస్తాయి. వీటికి ఓఎస్ ఏదైనా ఒకటే. లెటర్లు, లెక్కల షీట్లు, ఫొటోలు, వీడియోలు, స్కానింగ్ లాంటివి రెండో రకం. వీటికి మంచి ఓపెన్ సోర్స్ (సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రత్యామ్నాయాలున్నాయి. మూడో రకం విండోస్‌ను వదలనివి. ట్యాలీ, అను ఫాంట్లతో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్, వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం టోకెన్లు ఇక్కడ ఉంటాయి. పరికరాల సంగతిలో ఒక గట్టి నియమం పెట్టుకోండి. తయారీదారు సైట్‌లో లినక్స్ పేరు, మీరు వేయబోయే వెర్షన్ పేరు స్పష్టంగా కనిపించకపోతే ఆ పని చేసే సిస్టమ్‌ను కదిలించవద్దు.

డీటీపీ షాపులవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి పెట్టినవి. అందుకే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి. ఫైలేమీ చెడిపోలేదు, బొమ్మలు మారాయంతే. పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు దొర్లుతాయి. ప్రతి పేజీ కంటితో చూసుకోవాల్సిందే. ఏళ్ల నాటి పాత పనులు కుప్పగా ఉన్న షాపుకు మా సలహా ఇది: ఒక విండోస్ సిస్టమ్‌ను అను కోసమే ఉంచండి, దాని నెట్ కేబుల్ పీకేయండి, మిగతావి లినక్స్‌కు మార్చండి. అన్నిటినీ ఒక్కరోజులో మార్చాలన్న పంతం వద్దు.

మార్చే సమయం కూడా ముఖ్యమే. పెళ్లికార్డుల షాపు అయితే ముహూర్తాలు లేని ఆషాఢంలో మారండి. జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు నెలలో 20వ తేదీ దాటాక మొదలుపెట్టండి. చదువుకునే పిల్లలున్న ఇల్లయితే పరీక్షలు అయిపోనివ్వండి.

రెండో మెట్టు: సాఫ్ట్‌వేర్‌ను తూచడం

ఉచితంగా దొరికేదంతా ఓపెన్ సోర్స్ కాదు. డబ్బులు అడగని సాఫ్ట్‌వేర్ చాలానే ఉంది, దాని సోర్స్ కోడ్ మాత్రం మూసే ఉంటుంది. రేపు ప్రకటనలు పెట్టినా, డబ్బు అడిగినా మీరు చేయగలిగిందేమీ ఉండదు. అందుకని ముందు లైసెన్స్ చూడండి. జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్, ఎంఐటీ, అపాచీ, బీఎస్‌డీ అన్న పేర్లలో ఏదో ఒకటి "అబౌట్" పేజీలో ఉండాలి.

తర్వాత నాడి పట్టుకోండి. ఆఖరి వెర్షన్ ఎప్పుడు వచ్చింది, భద్రతా లోపాలకు ఎంత తొందరగా స్పందిస్తున్నారు అన్నదే నాడి. దీనికి ఓపెన్‌ఆఫీస్ కంటే మంచి ఉదాహరణ లేదు. పేరు చూస్తే చాలా పెద్దది. 2010లో దాని నుంచి డెవలపర్లు విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. ఓపెన్‌ఆఫీస్ 4.1 వచ్చింది 2014లో. అప్పటి నుంచి చిన్న చిన్న దిద్దుబాట్లే తప్ప పెద్ద వెర్షన్ రాలేదు. లిబ్రేఆఫీస్‌కు ఏటా రెండు పెద్ద వెర్షన్లు వస్తున్నాయి. పేరు విని పాతదాన్ని దించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది పొరపాటు.

మూడోది, ఎన్ని చేతులున్నాయి? ఒక్క మనిషి మీద నిలబడిన ప్రాజెక్టు ఆ మనిషి అలసిపోతే ఆగిపోతుంది. ప్రాజెక్టు సోర్స్ కోడ్ పేజీలో గత ఏడాది మార్పులు చేసినవాళ్లు ముగ్గురికి తక్కువ ఉంటే మీ షాపు లెక్కలు దాంట్లో పెట్టవద్దు.

నాలుగోది, వదిలిపోయే దారి. మీ డేటాను సీఎస్‌వీగానో, ఓడీఎఫ్‌గానో, పీడీఎఫ్‌గానో బయటికి తీయగలరా? పది ఎంట్రీలు వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ముందుకు పోండి. ఐదోది, ఆ సాఫ్ట్‌వేర్ డెబియన్ లేదా ఉబుంటు (లినక్స్‌లో రెండు ప్రధాన రకాలు) సొంత భాండాగారంలో, అంటే అవి స్వయంగా నిర్వహించే సాఫ్ట్‌వేర్ నిల్వలో ఉందా అన్నది. ఉంటే అప్‌డేట్లు ఓఎస్‌తో పాటే వస్తాయి. లేకపోతే ఆ బాధ్యత మీ మీద పడుతుంది.

డౌన్‌లోడ్ విషయంలో ఒక హెచ్చరిక. గూగుల్‌లో పేరు కొట్టగానే పైన వచ్చే ప్రకటన మీద నొక్కవద్దు. 2022, 2023 సంవత్సరాల్లో జింప్, ఓబీఎస్ లాంటి పేర్లతో నకిలీ సైట్లకు ప్రకటనలు వచ్చాయి. దించుకున్నవాళ్లకు దక్కింది పాస్‌వర్డులు దొంగిలించే వైరస్.

ఈ తూకానికి నిలిచేవి ఇవి. ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్, బ్రౌజింగ్‌కు ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కు థండర్‌బర్డ్, వీడియో చూడ్డానికి వీఎల్‌సీ, ఎడిటింగ్‌కు కేడెన్‌లైవ్, ఫొటోలకు జింప్, లోగోలకు ఇంక్‌స్కేప్. చిన్నపిల్లల చదువు ఆటలకు జీకాంప్రీ. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది. తెలుగు ఒత్తులను సరిగ్గా పేర్చే ఏర్పాటు 1.5 వరుసలో చేరింది, ఆ వరుస 1.6గా స్థిరపడింది 2024లో. అంతకుముందు 1.4లో తెలుగు చూసి విసుగొచ్చి వదిలేసినవాళ్లు మళ్లీ ఒకసారి చూడాలి. ఆఫ్‌సెట్ ప్రెస్‌కు పంపే సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) పీడీఎఫ్ కూడా స్క్రైబస్ నుంచే తీయాలి, ఇంక్‌స్కేప్‌లో ఆ పని సరిగా కాదు. స్కాన్ చేసిన తెలుగు పేజీల నుంచి అక్షరాలు రాబట్టడానికి టెసరాక్ట్‌కు తెలుగు డేటా ప్యాకేజీ ఉంది. అచ్చు బాగుంటే పని జరుగుతుంది, చేతిరాతకు పనికిరాదు.

మూడో మెట్టు: విండోస్‌లోనే రెండు వారాలు

పైన చెప్పినవన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. అదే మనకు కలిసొచ్చే సంగతి. ముందు వాటిని వేసుకుని, పాత ఆఫీస్ ఐకాన్‌ను డెస్క్‌టాప్ మీద నుంచి తీసేసి, రెండు వారాలు వీటితోనే పని కానివ్వండి. చెయ్యి అలవాటు పడ్డాక ఓఎస్ మారినా తేడా పెద్దగా తెలియదు.

ఈ రెండు వారాల్లో బయటపడే చిక్కుల్లో మొదటిది ఫాంట్లది. గౌతమి, నిర్మలా యూఐ విండోస్‌తో వచ్చేవి, లినక్స్‌లో ఉండవు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు అంతే వెడల్పున్న లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి, క్యాలిబ్రికి కార్లీటో ఉంది. గౌతమికి అలా సరిజోడు లేదు. అందుకే గౌతమిలో చేసిన నాలుగు పేజీల తెలుగు పత్రం లినక్స్‌లో నాలుగున్నర పేజీలు కావచ్చు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురన్న లాంటి ఉచిత ఫాంట్లను ఇప్పుడే విండోస్‌లో వేసి, మళ్లీ మళ్లీ వాడే నమూనా పత్రాలను వాటిలోకి మార్చుకోండి. బయటివాళ్లకు ఎప్పుడూ పీడీఎఫే పంపండి.

రెండోది లిబ్రేఆఫీస్ లోపలి తిరకాసు. అది తెలుగును ఇంగ్లిష్‌తో కలపదు, "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" (సీటీఎల్) అన్న వేరే గాటన కడుతుంది. "టూల్స్"లో "ఆప్షన్స్", అందులో "లాంగ్వేజెస్" దగ్గర ఆ గడిలో టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత రైటర్ సెట్టింగ్స్‌లో సీటీఎల్ ఫాంట్లకు ఉన్న పేజీలో మీ తెలుగు ఫాంట్, సైజు పెట్టండి. స్టైల్ మార్చేటప్పుడు ఇంగ్లిష్ ఫాంట్ గడిలో ఎంత మార్చినా తెలుగు అక్షరం కదలదు. "ఫాంట్ మారడం లేదు" అని వచ్చే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే.

ఎక్సెల్ ఫైళ్లలో మామూలు సూత్రాలు బాగానే నడుస్తాయి. మాక్రోలున్న ఫైళ్లు, పవర్ క్వెరీ వాడిన షీట్లు మొరాయిస్తాయి. అలాంటి ఫైలు మీ పట్టికలో ఒక్కటున్నా దాన్ని మూడో రకంలో చేర్చండి.

నాలుగో మెట్టు: నిలకడ అంటే ఏమిటి, ఏది ఎంచుకోవాలి

సాఫ్ట్‌వేర్‌వాళ్లు "స్టేబుల్" అన్నప్పుడు దానికి రెండర్థాలు. హ్యాంగ్ కాదు అన్నది ఒకటి. ఊరికే మారదు అన్నది రెండోది. మనకు ఎక్కువ అవసరమైంది రెండోదే. నిన్న ఉన్న బటన్ ఈరోజూ అక్కడే ఉండాలి, నిన్న ప్రింటిచ్చిన ప్రింటర్ రేపూ ఇవ్వాలి. అలాగని భద్రతా దిద్దుబాట్లు ఆగకూడదు.

డెబియన్ ఈ పనిని ఒక పద్ధతిగా చేస్తుంది. సుమారు రెండేళ్లకొకసారి సాఫ్ట్‌వేర్ వెర్షన్లన్నిటినీ ఒకచోట బిగించి విడుదల చేస్తారు. ఆ తర్వాత లోపం బయటపడితే కొత్త వెర్షన్ తెచ్చి పెట్టరు, ఆ దిద్దుబాటును మాత్రమే పాత వెర్షన్‌లో కలుపుతారు. అందుకే వెర్షన్ నంబర్ పాతగా కనిపిస్తుంది, లోపల మరమ్మతు జరిగే ఉంటుంది. ఆ పద్ధతి విలువ 2024 మార్చిలో అందరికీ తెలిసింది. ఎక్స్‌జెడ్ అన్న చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్‌లో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, నమ్మకం సంపాదించుకుని లోపలికొచ్చిన ఒక వ్యక్తి దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ వల్ల అది బయటపడింది. కొత్త వెర్షన్లను వెంటవెంటనే తెచ్చుకునే శాఖల్లోకి అది చేరిపోయింది. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్లను తాకలేదు. ఎక్స్‌జెడ్‌ను అంతకాలం నడిపింది దాదాపుగా ఒకే మనిషి అన్నది కూడా గుర్తుంచుకోండి. రెండో మెట్టులో చేతులు లెక్కపెట్టమన్నది ఇందుకే.

ఇక ఎంపిక. లినక్స్ రకాల్లో ఆర్చ్ లాంటివి ఆగకుండా మారుతూనే ఉంటాయి. ఫెడోరా ఆరు నెలలకొకసారి వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు 13 నెలలే. నేర్చుకునేవాళ్లకు రెండూ మంచివే, షాపు కౌంటర్ మీద మాత్రం వద్దు. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక మద్దతున్న వెర్షన్) రెండేళ్లకొకసారి, సరి సంవత్సరం ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్ల మద్దతు ఉంటుంది. లినక్స్ మింట్ ఆ ఎల్‌టీఎస్ మీదే కట్టింది. మింట్ 22 వరుసకు 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కు మూడేళ్లు పూర్తి మద్దతు, ఆపైన దీర్ఘకాలిక మద్దతు కలిపి ఐదేళ్లు. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. దాన్ని ఎంచుకునేవాళ్లు ఆ వెర్షన్‌కు మద్దతు ఎప్పటిదాకా ఉందో ముందు చూసుకోవాలి.

ఇంటికీ షాపుకూ మింట్ వేయండి. విండోస్ నుంచి వచ్చిన చేతికి దాని మెనూ పరాయిగా అనిపించదు. డ్రైవర్ మేనేజర్, తేడా వస్తే ఓఎస్‌ను పాత స్థితికి వెనక్కి తీసుకెళ్లే టైమ్‌షిఫ్ట్ రెండూ దాంతోనే వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే మింట్‌లో సినమన్ రకం, 4 జీబీ ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. 2 జీబీతో ఎక్కుతుంది కానీ బ్రౌజర్‌లో మూడు ట్యాబులు తెరిస్తే పాకుతుంది, ముందు ర్యామ్ పెంచుకోండి. ఇరవై ముప్పై సిస్టమ్‌లున్న కాలేజీ ల్యాబ్‌కు, చూసుకునే మనిషి ఉంటే, డెబియన్. అన్నిటికంటే ముందు ఒక మాట: హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయడం వల్ల వచ్చే వేగం ఏ ఓఎస్ మార్చినా రాదు.

ఐదో మెట్టు: దించడం, సరిచూడడం, లైవ్‌లో నడపడం

మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైలు) సుమారు 3 జీబీ ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో, రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో దించేవాళ్లు మధ్యలో తెగిపోయి తల పట్టుకుంటారు. టొరెంట్ వాడండి. ఈరోజు సగం, రేపు సగం దించుకోవచ్చు, ప్రతి ముక్కనూ అదే సరిచూసుకుంటుంది. మామూలుగా దించినా, ఫైలు మారలేదని చెప్పే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి, వీలైతే తయారీదారుల జీపీజీ డిజిటల్ సంతకం కూడా. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న మింట్ సైట్‌లోకే చొరబడి, లింకులను దొంగ ఐఎస్‌ఓ వైపు తిప్పారు. సైట్ ఆ దొంగల చేతిలో ఉన్నప్పుడు అక్కడి సంఖ్యనూ మార్చగలరు, సంతకాన్ని మార్చలేరు.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని రూఫస్‌తోనో వెంటాయ్‌తోనో రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. సిస్టమ్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, అసుస్‌లో ఎక్కువగా ఎస్కేప్ లేదా ఎఫ్8. ఏసర్‌లో ఎఫ్12 పని చేయాలంటే ముందు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) దాన్ని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు.

లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ తెరపైకి వచ్చాక ఇన్‌స్టాల్ ఐకాన్ జోలికి పోకుండా గంటసేపు పరీక్షించండి. వైఫై, బ్లూటూత్, సౌండ్, మైక్, కెమెరా, వెలుతురు తగ్గించే మీటలు చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి తెరవండి, నిద్ర లేస్తోందా? ప్రింటర్ తగిలించి ఒక పేజీ ఇవ్వండి. వైఫై కనిపించకపోతే భయపడవద్దు, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ కార్డులకు డ్రైవర్ ఆ దారిలోనే దించుకోవాలి. "డిస్క్స్" అన్న అప్లికేషన్ తెరిచి, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ డేటా చూడండి. "రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్", "కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్" ఎదురుగా సున్నా కాకుండా అంకె ఉంటే ఆ డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా నిలవదు.

ఆరో మెట్టు: ఇన్‌స్టాల్

డెస్క్‌టాప్‌లో అన్నిటికంటే క్షేమమైన దారి ఒకటుంది. పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి, దాని మీద లినక్స్ వేయండి. పని అయ్యాక పాత డిస్క్ మళ్లీ తగిలించండి. చెయ్యి జారినా ఫొటోలు పోవు.

ల్యాప్‌టాప్‌లో అది కుదరదు, కాబట్టి ఈ నాలుగూ ముందు చేయాలి. అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపడం, లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయనివ్వదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనీసం 60 జీబీ ఖాళీ చేయడం.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించలేదంటే బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ అన్న పద్ధతిలో ఉండవచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచేలా పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్లొస్తే సర్దుకుంటుంది.

"ఎరేజ్ డిస్క్" అన్న వరుస దగ్గర చేతిని ఆపండి. అది ఖాళీ చోటును కాదు, డిస్క్ మొత్తాన్ని తుడుస్తుంది. కింద కనిపించే డిస్క్ సైజు, కంపెనీ పేరు పైకి చదవండి. 240 జీబీ వేయాల్సిన చోట 1 టీబీ అని కనిపిస్తే వెనక్కి రండి. చేత్తో విభజించేవాళ్లు ఓఎస్ ఉండే రూట్‌కు 50 జీబీ, మిగతాది మీ ఫైళ్లు ఉండే హోమ్‌కు ఇవ్వండి. రేపు ఓఎస్ మళ్లీ వేయాల్సి వస్తే హోమ్‌ను ఫార్మాట్ చేయకుండా వదిలేయవచ్చు.

రెండు ఓఎస్‌లు ఉంచుకుంటే విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. విండోస్ బోర్డు గడియారాన్ని మన సమయమనుకుంటుంది, లినక్స్ గ్రీనిచ్ సమయమనుకుంటుంది, తేడా సరిగ్గా 5:30. లినక్స్ టెర్మినల్‌లో "timedatectl set-local-rtc 1" అన్న ఆదేశం ఒకసారి ఇస్తే తగువు తీరుతుంది. తేదీ ఏకంగా పాత ఏళ్లలోకి పోయి, ప్రతి సైట్ సర్టిఫికెట్ తప్పంటుంటే అది వేరే జబ్బు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.

ఏడో మెట్టు: తెలుగు, ప్రింటర్

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవాళ్లకు అదనంగా ఏమీ అక్కర్లేదు. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ల దగ్గర తెలుగు కలపండి. కే మీట, ఎడమ చదరపు బ్రాకెట్ మీట, హెచ్ మీట నొక్కితే "కడప" అని పడాలి. ఇంగ్లిష్ ఉచ్చారణతో కొట్టేవాళ్లు, ఆపిల్ లేఅవుట్ అలవాటున్నవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఐబస్, ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకోవాలి. "ఇన్‌పుట్ మెథడ్"లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఈ లాగవుట్ మర్చిపోయి పని చేయలేదంటారు. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ కనిపిస్తాయి. అనులోని ఆపిల్‌తో ప్రతి మీటా కలుస్తుందని అనుకోవద్దు, ఒక పేజీ కొట్టి తేడాలు రాసుకోండి.

ఫాంట్‌ను పరీక్షించడానికి ఈ వరుస కొట్టండి: రాజ్యలక్ష్మి, స్వాతంత్ర్యం, ప్రొద్దుటూరు, ఒంటిమిట్ట, జ్ఞానం, స్త్రీ. 36 సైజులో కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. "స్వాతంత్ర్యం"లో ర-వత్తు, య-వత్తు ఒకదాన్నొకటి తొక్కుతున్నాయా, "లక్ష్మి"లో మ-వత్తు కింది వరుసకు తగులుతోందా చూడాలి. తగులుతుంటే వరుసల మధ్య ఎడం 1.3కు పెంచండి. ఉర్దూలో కూడా కార్డులు వేసే షాపులవాళ్లు నోటో నస్తాలీక్ ఉర్దూ ఫాంట్ వేసుకుంటే సరిపోతుంది. దానికి వరుసల ఎడం ఇంకా ఎక్కువ కావాలి.

ప్రింటర్ల సంగతి కంపెనీని బట్టి కాదు, మోడల్‌ను బట్టి ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఎయిర్‌ప్రింట్ అర్థమయ్యే కొత్త ప్రింటర్లు డ్రైవర్ లేకుండానే నడుస్తాయి. ఎప్సన్ ట్యాంక్ ప్రింటర్లకు ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్ భాండాగారంలోనే ఉంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటి పాతవాటికి హెచ్‌పీలిప్ అన్న హెచ్‌పీ డ్రైవర్‌తో పాటు ప్లగిన్ కూడా దించాలి. ఆ ప్రింటర్ తనను నడిపే ఫర్మ్‌వేర్‌ను తనలో దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమే దాన్ని ఎక్కించాలి. ప్లగిన్ లేకపోతే లైటు వెలుగుతుంది, పేజీ రాదు. షాపుల్లో విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 అన్నిటికంటే మొండిది. దాని క్యాప్ట్ డ్రైవర్ పాతబడింది, కొత్త వెర్షన్లలో గంటలు తినేస్తుంది. జిరాక్స్ షాపులో అదే ప్రధాన ప్రింటర్ అయితే దాన్ని విండోస్ సిస్టమ్‌కే వదిలేయండి, లినక్స్ నుంచి పీడీఎఫ్ పంపి అక్కడ ప్రింటివ్వండి.

ఎనిమిదో మెట్టు: కరెంటు, ఎండ, బ్యాకప్

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగం పరుచుకుని ఆగిపోతాయి. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ తన జర్నల్ వల్ల తట్టుకుంటుంది, సగం పరిచిన ప్యాకేజీలకు మాత్రం మరమ్మతు కావాలి. డెస్క్‌టాప్ తెర రాకపోతే, బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", "రికవరీ మోడ్", అందులో "డీపీకేజీ" వరుస ఎంచుకోండి. ఎక్కువసార్లు దాంతోనే బాగవుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ బటన్ నొక్కవద్దు, అది గాలివానల సాయంత్రమైతే అసలే వద్దు. మే నెలలో కడప ఎండకు సిస్టమ్ మూలిగితే ఓఎస్‌ను అనకముందు క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపండి, ప్రాసెసర్ మీది ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి.

టైమ్‌షిఫ్ట్‌ను మొదటి రోజే పెట్టండి. రోజుకొకటి చొప్పున మూడు, వారానికొకటి చొప్పున రెండు కాపీలు చాలు. అవి లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఉన్న చోటే నిలుస్తాయి, మామూలు పెన్‌డ్రైవ్‌లో కాదు. ఇక్కడ చాలామంది నష్టపోయే సంగతి ఒకటుంది. టైమ్‌షిఫ్ట్ ఓఎస్‌ను మాత్రమే కాపాడుతుంది, మీ ఫొటోలు, పత్రాలు దాని పరిధిలో లేవు. వాటికి డేజా డూప్‌తో వారానికొకసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీయండి. తీసి ఊరుకోకుండా నెలకొకసారి ఆ డిస్క్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరవండి. తెరుచుకోని బ్యాకప్ లేనట్టే లెక్క.

కొత్త ఎల్‌టీఎస్ వచ్చిందన్న వార్త చూడగానే ఎగబడవద్దు. ఉబుంటు కూడా పాత ఎల్‌టీఎస్‌వాళ్లకు కొత్తదాన్ని మొదటి పాయింట్ రిలీజ్ (మొదటి విడత దిద్దుబాట్లు కలిపిన విడుదల) తర్వాతే చూపిస్తుంది. ఆ వెర్షన్‌ను మళ్లీ లైవ్ పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ ఆరు తెలుగు మాటలు కొట్టి, ప్రింటర్‌లో ఒక పేజీ తీసి చూడండి. రెండూ సరిగా వస్తే టైమ్‌షిఫ్ట్ కాపీ ఒకటి తీసుకుని అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. ఏ ఒక్కటి తేడా కొట్టినా ఇప్పుడున్న వెర్షన్‌లోనే ఉండండి, దాని మద్దతు గడువు ముగిసే తేదీని మాత్రం క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.